టీచర్‌కి తెలుసు

రైతుబజారులో ప్రత్యూష టీచర్ బెండకాయలు విరిచి చూస్తుంటే వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకుని లాగారు. తిరిగి చూస్తే పదకొండేళ్ళ పిల్ల. పక్కన సంచీతో వాళ్ళమ్మ. ఆ పిల్లని ఆవిడ జన్మలో చూసి ఎరగదు.

"టీచర్, నిన్న భిన్నాల లెక్కలన్నీ చేసీసినానని మీరు నాకు చప్పట్లు కొట్టారు గదా! మా అమ్మ నమ్మట్లేదు. మీరు చెప్పండి."

"అవునమ్మా," అంది ప్రత్యూష టీచర్, రెప్ప కూడా వాల్చకుండా. "మీ అమ్మాయి చాలా బాగా చేసింది."

తల్లి మొహం వెలిగిపోయింది. పిల్ల వాళ్ళమ్మ వైపు 'చూశావా' అన్నట్టు చూసింది. ప్రత్యూష టీచర్ మళ్ళీ బెండకాయల మీద పడింది.

ఇలా అబద్ధాలాడడం నాలుగేళ్ళుగా ఆవిడకి అలవాటే. జిల్లా విద్యాశాఖ వాళ్ళు ఇందుకోసం ఒక చిన్న పుస్తకమే అచ్చేసి ఇచ్చారు. పిల్లలు బయట ఎదురైతే నవ్వాలి, తల మీద చెయ్యి వెయ్యాలి, ఏం చెప్పినా ఔననాలి. మొదట్లో ఆవిడకి ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత బాగానే ఉండేది. అరవై నాలుగేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో ఈడ్చుకుంటూ నడుస్తుంటే, ఊళ్ళో పిల్లలంతా మీద పడి పలకరించడం ఎవరికి మాత్రం చేదు?

కొండతీరం జిల్లాలో రెండు వేల మూడు వందల సర్కారు బళ్ళు, మూడు లక్షల మంది పిల్లలు. ఏడేళ్ళ కిందట, అంటే 2060లో, వాటిలో సగం బళ్ళకి ఒక్కొక్క టీచరే దిక్కు. ఒకే గదిలో అయిదు తరగతులు. ఒక మూల ఎక్కాలు, ఒక మూల అక్షరాలు, మధ్యలో మధ్యాహ్న భోజనం గుడ్ల పంపకం. కొండ మీది బళ్ళకి వేసిన టీచర్లు బదిలీ కాగితం చేతికి రాకముందే మరో బదిలీకి అర్జీ పెట్టుకునేవారు. పదో తరగతి ఫలితాల జాబితాలో ఈ జిల్లా పేరు కోసం పై నుంచి వెతికే అలవాటు ఎవరికీ లేదు. కమిటీలు వచ్చాయి, చూశాయి, సాంబారు బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయాయి.

అప్పుడు గొర్లె సుహాస్ జిల్లా విద్యాధికారిగా వచ్చాడు. పదో తరగతిలో ప్రత్యూష టీచర్ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. జిల్లా అంతటికీ మంచి టీచర్లని ఎక్కడ నుంచి తేవాలని అందరూ తల పట్టుకుంటుంటే అతను, ఒక్కరుంటే చాలు, ఆవిడనే అన్ని గదుల్లో నిలబెడదాం అన్నాడు. రిటైరయ్యే ముందు ఎనిమిది నెలల పాటు ఆవిడ నడక, మాట, కోపం, విసుగు, సుద్దముక్క పట్టుకునే తీరు, అల్లరి చేసేవాడి వైపు మాట్లాడకుండా చూసే చూపు, అన్నీ యంత్రాలకెక్కించారు. ప్రతి తరగతి గది కప్పుకీ ఒక వెలుగుదిమ్మ బిగించారు. పొద్దున్న తొమ్మిదికి అందులోంచి నీలం చీర కట్టుకున్న ప్రత్యూష టీచర్ దిగి నల్లబల్ల ముందు నిలబడేది. ఆ వెలుగు మనిషికి ప్రతిగురువు అని పేరు పెట్టారు.

చెవిరేకు కూడా వచ్చాక అసలు విచిత్రం మొదలయింది. చెవి వెనక అంటించుకునే ఆ రేకు వల్ల, తరగతిలో నలభై మంది ఉంటే నలభై మందితోనూ ప్రతిగురువు ఒకేసారి విడివిడిగా మాట్లాడగలిగేది. ఒకరికి ఎక్కం, ఒకరికి కూడిక, ఒకరికి 'ఏమ్మా, పొద్దున్న తినలేదా?' అనే పలకరింపు. ప్రతి పిల్లకీ టీచర్ తన ఒక్కదాన్నే చూస్తున్నట్టు ఉండేది. మూడేళ్ళలో జిల్లా రాష్ట్రంలో మొదటి స్థానానికి ఎక్కింది. పక్క రాష్ట్రాల మంత్రులు వచ్చి చూసి వెళ్ళారు. సాంబారు సంగతి ఈసారి ఎవరూ ఎత్తలేదు.

అది ఏప్రిల్ ఇరవై నాలుగో తేదీ, వేసవి సెలవుల మొదటి రోజు. ప్రత్యూష టీచర్ కూరలతో ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర ఒక సన్నటి పిల్ల నిలబడి ఉంది. పదమూడేళ్ళుంటాయి. బడి సంచీలో బట్టలు కుక్కినట్టుంది, జిప్పు పట్టక గౌను అంచు బయటికి వేలాడుతోంది.

"వచ్చీసినాను టీచర్," అంది.

ఆవిడ అలవాటుగా నవ్వి తల మీద చెయ్యి వేసింది. "మంచిదమ్మా. ఎక్కడి నుంచి?"

"అలగడుగుతారేటి టీచర్? పెదమెరక నుంచి. నూకరత్నాన్ని గదా. ఎనిమిదో తరగతి, మూడో బెంచీ."

"ఆ, నూకరత్నం! ఎండలో పోల్చుకోలేదమ్మా. రా, రా లోపలికి."

పెదమెరక సముద్రం ఒడ్డు ఊరు. టీచర్ ఉండే గరుగువలసకి అక్కడి నుంచి రెండు గంటల ప్రయాణం. ఇంత పొద్దున్నే వచ్చిందంటే చీకటితోనే బయల్దేరి ఉండాలి. ప్రత్యూష టీచర్ ఉప్మా చేసి పెట్టింది. పిల్ల గబగబా తింటుంటే చూసి ఆవిడ ముచ్చటపడింది. పిల్లల్ని చూసి ముచ్చటపడడం తప్ప నాలుగేళ్ళుగా ఆవిడకి వేరే పని కూడా లేదు.

"సాయంత్రం బస్సుకి వెళ్ళిపోదువుగాని. మీ నాన్నకి చెప్పే వచ్చావా?"

నూకరత్నం చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఉండిపోడానికే వచ్చాను టీచర్. నిన్న మీరే గదా రమ్మన్నారు. ఏ కష్టమొచ్చినా మా ఇంటికి వచ్చేయండి, నేనున్నాను అని. గరుగువలస, గొల్లవీధి, నీళ్ళ ట్యాంకు ఎదురుగా పచ్చ గేటు అని." పిల్ల ఎడం చేత్తో సంచీ దగ్గరికి లాక్కుంది. "ఇంటికి మాత్రం పంపించీయకండి టీచర్. మీకు తెలుసు గదా."

ప్రత్యూష టీచర్ ఉప్మా గరిటె కింద పెట్టేసింది. ఆ మాటలు తనవే. ముప్ఫై ఒక్క ఏళ్ళు, ప్రతి పదో తరగతి వీడ్కోలు సభలోనూ చివర చెప్పిన మాటలు. పచ్చ గేటు అనగానే పిల్లలు నవ్వేవారు, కొందరు కళ్ళు తుడుచుకునేవారు, తర్వాత అందరూ మిక్చరూ లడ్డూ తిని ఇళ్ళకి పోయేవారు. ఆ మాట పట్టుకుని కష్టంతో గేటు తీసినవాడు ఒక్కడూ లేడు. శుభలేఖలు పట్టుకుని వచ్చారు, ఉద్యోగం వచ్చిందని స్వీటు పట్టుకుని వచ్చారు. రారని తెలిసే ఆవిడా అనేది. మనమంతా అనేదే కదా. రైల్లో నాలుగు గంటలు పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా దిగేటప్పుడు, ఈసారి మా ఇంటికి తప్పకుండా రావాలండీ అంటాం. నిజంగా పెట్టే బేడాతో దిగితే గుండె ఆగిపోతుంది.

గేటు మళ్ళీ చప్పుడయింది.

ఈసారి అక్కా తమ్ముడూ, కొండ మీది ఊరు వాళ్ళు. చెప్పులు బయట వరసగా విడిచి, "నమస్తే టీచర్" అని వచ్చి వసారాలో కూర్చున్నారు. వాళ్ళ వెనక అయిదుగురు ఆడపిల్లలు ఒకే ఆటోలో దిగారు. పదయ్యేసరికి పంతొమ్మిది మంది. మేడ మీద అద్దెకుండే జగ్గారావు గారు కిందికి తొంగి చూసి, "ఏవండీ టీచర్ గారూ, ట్యూషన్లు మొదలెట్టారా?" అని నవ్వాడు. పదకొండింటికి అతనే బిందెలతో నీళ్ళు మోస్తున్నాడు, నవ్వు ఎక్కడికో పోయింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పిల్లలే. ఎవరూ గోల చెయ్యలేదు. ఎత్తు ప్రకారం వరస కట్టి, సంచీలు ఒళ్ళో పెట్టుకుని, ప్రతిగురువు నేర్పినట్టే బుద్ధిగా కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం చూస్తే ఆవిడకి భయం వేసింది.

ఆవిడ సుహాస్‌కి ఫోను చేసింది. "ఏం చేశావురా?" అని ఒక్క మాటే అడగగలిగింది.

సుహాస్ మధ్యాహ్నానికి, పిల్లల్ని ఊళ్ళకి చేర్చడానికి ఆరు బస్సులతో వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, బస్సు దిగి వీధి చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. తర్వాత తల వంచుకుని పిల్లల మధ్య నుంచి వచ్చి, వంటింట్లో ఆవిడ ఎదుట చిన్నపిల్లవాడిలా నిలబడ్డాడు.

"సెలవులయ్యాక ఏటా నాలుగు వేల మంది మళ్ళీ బడి మొహం చూడట్లేదు టీచర్. ప్రతిగురువు మీద ఇంకాస్త మమకారం పుడితే తిరిగొస్తారని, మీ పాత వీడ్కోలు మాటలు ఈ ఏడాది అందులో కలిపాం. నేనే కలపమన్నాను. పదో తరగతిలో విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది కదా, వీళ్ళకీ నచ్చుతుందనుకున్నాను."

"నువ్వెప్పుడైనా వచ్చావురా, మా ఇంటికి? కష్టమొచ్చి?"

"లేదు టీచర్." అతను తడబడ్డాడు. "అది మాట వరసకి అన్నది కదా."

"మీ తరం వాళ్ళకి తెలుసు. వీళ్ళకెలా తెలుస్తుంది?" అంది ఆవిడ. "వీళ్ళతో ఆ వెలుగు మనిషి ఒక్క మాటైనా మాట వరసకి అనలేదు. పేజీ నలభై తియ్యమంటే నలభైయ్యే. రేపు అడుగుతానంటే రేపు అడిగేది."

సుహాస్ చేతిపలక తీసుకుని వీధిలోకి వెళ్ళాడు. చట్టం ప్రకారం, ఇంటికి ఎందుకు వెళ్ళనంటోందో కారణం చెప్పిన పిల్లని బాలసదనంలో ఉంచవచ్చు. కారణం లేకుండా ఇతరుల పిల్లని రాత్రి ఉంచుకుంటే అది నేరం. అతను మొదటి వరస ముందు గొంతుకూర్చుని, "ఏమైందమ్మా, ఎందుకొచ్చావు?" అని మెల్లగా అడిగాడు.

"టీచర్‌కి తెలుసు సార్."

రెండో పిల్ల. "టీచర్‌కి చెప్పాను సార్."

మూడో పిల్లవాడు అతని వంక చూడనే లేదు. "టీచర్‌కి తెలుసు."

కొందరు చెప్పారు. అమ్మ ఊళ్ళో లేదని, వండేవాళ్ళు లేరని, రొయ్యల షెడ్డులో పనికి పంపుతున్నారని. ఇరవై ముప్ఫై మంది ఉంటారు. మిగిలిన నాలుగు వందల మందిదీ ఒకటే జవాబు. సుహాస్ మళ్ళీ వంటింట్లోకి వచ్చేసరికి అతని చొక్కా తడిసిపోయి ఉంది.

"తీసి చూడు," అంది ప్రత్యూష టీచర్. "చెవిరేకులో వాళ్ళు చెప్పుకున్నవన్నీ ఆ యంత్రంలో ఉంటాయి కదా. తీసి చదువు."

"లేవు టీచర్."

"లేకపోవడమేమిటి?"

"మీరు పెట్టిన షరతే టీచర్. పిల్లలు నాతో చెప్పుకునే సొంత మాట ఏ ఆఫీసరు చెవినా పడకూడదు, అలా అయితేనే సంతకం పెడతానన్నారు. మంచి షరతని అందరం ఒప్పుకున్నాం. రోజూ సాయంత్రం అయిదింటికి పాఠం కాని మాటంతా చెరిగిపోతుంది. అయితే మర్నాడు టీచర్ అన్నీ మరిచిపోయినట్టుంటే పిల్లలు నొచ్చుకుంటారని, ఒక గుర్తు మాత్రం ఉంచాం. ఈ పిల్ల ఏదో పెద్ద విషయం చెప్పింది అన్న గుర్తు. ఏం చెప్పిందో ఉండదు. ఆ గుర్తున్న పిల్లల్ని ప్రతిగురువు మర్నాటి నుంచి ఇంకొంచెం మెత్తగా పలకరిస్తుంది. వాళ్ళు ఆ సంగతి ఎత్తితే, తెలుసమ్మా అంటుంది."

ప్రత్యూష టీచర్ అతని దగ్గరికి జరిగింది. "ఎంతమందికి ఉంది, ఆ గుర్తు?"

అతను పలక వైపు చూశాడు. చూసింది మళ్ళీ చూశాడు. "నేనెప్పుడూ లెక్క అడగలేదు టీచర్," అన్నాడు. "నలభై ఒక్క వేలు."

"నలభై ఒక్క వేల మంది చెప్పారా? నాతో?"

"మీతోనే టీచర్."

"ఏం చెప్పారు?"

జవాబు ఈ భూమ్మీద ఎవరి దగ్గరా లేదు. ప్రతిగురువు వచ్చిన ఈ నాలుగేళ్ళలో నలభై ఒక్క వేల మంది పిల్లలు ధైర్యమంతా కూడగట్టుకుని నోరు తెరిచారు. ఎదురుగా ఉన్నది శ్రద్ధగా వింది, కళ్ళల్లోకి చూసింది, సాయంత్రం అయిదింటికి తుడిచేసింది. దానికి తెలుసని వాళ్ళు ఇళ్ళకి వెళ్ళి ఓపిగ్గా బతికారు.

మూడు గంటలకి తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. పెదమెరక నుంచి నూకరత్నం తండ్రి కూడా చేశాడు. గొంతు మర్యాదగా ఉంది. పిల్లని బస్సెక్కించెయ్యండి సార్, నేను స్టాపు దగ్గరే ఉంటాను, మీకు చాలా శ్రమ ఇచ్చింది అన్నాడు. సుహాస్ ఫోను పెట్టేసి చూస్తే, వంటింటి గుమ్మంలో ఉన్న నూకరత్నం గోడకి కరుచుకుపోయి ఉంది. ఆ గొంతు పిల్ల చెవిన పడింది.

"ఈ పిల్లని పంపను," అంది ప్రత్యూష టీచర్.

"కారణం కావాలి టీచర్. పిల్ల చెప్పకపోతే, పిల్ల నమ్మి చెప్పుకున్న పెద్దవాళ్ళు చెప్పినా చాలు. చట్టంలో ఉంది. మీరు చెప్పండి, నేను రాసుకుంటాను, ఇప్పుడే బాలసదనానికి పంపేస్తాను."

"అయితే రాసుకో. నాతో చెప్పింది. నేను విన్నాను."

నూకరత్నం మొహంలో ప్రాణం వచ్చింది. గోడ వదిలి ఆవిడ పక్కకి వచ్చి కొంగు అంచు పట్టుకుంది.

సుహాస్ పలక మీద వేలు ఆనించాడు. అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా అడగక తప్పలేదు. "ఏం చెప్పింది టీచర్?"

ప్రత్యూష టీచర్ నోరు తెరిచింది. కొడతాడని చెప్పాలా? తాగి వస్తాడని చెప్పాలా? లేక నోటితో అనలేని ఆ మూడో సంగతా? తప్పు చెబితే సాయంత్రానికి ఆ తండ్రి అది అబద్ధమని నిరూపించి పిల్లని తీసుకుపోతాడు. తప్పు చెబితే ఈ పిల్లకి తెలిసిపోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ పరీక్ష హాల్లోనూ ఏ పిల్లా పడనంత అవస్థ ఆవిడ పడింది. నూకరత్నం తలెత్తి ఆవిడ పెదాల వంకే చూస్తోంది, తను మళ్ళీ చెప్పక్కర్లేకుండా టీచర్ చెప్పేస్తుందన్న నిశ్చింతతో.

తెరిచిన నోరు ఆవిడ మళ్ళీ మూసుకుంది.

"టీచర్," అంది నూకరత్నం. "మీకు తెల్దా?"

"ఇంకొక్కసారి చెప్పమ్మా. నా చెవిలో చెప్పు. సార్ వినరు."

"చెప్పీసినాను గదా టీచర్." పిల్ల ఏడవలేదు. నమ్మలేనట్టు ఆవిడ మొహాన్ని, ముడతల్ని, నెరిసిన జుట్టుని పరీక్షగా చూసింది. "ఒక్కసారి చెప్పడానికే నాకు ఏడాది పట్టీసింది. సంక్రాంతి సెలవులకి ముందు చెప్పినాను. మీరు 'భయపడకు, నేనున్నాను' అన్నారు. తర్వాత రోజూ నన్ను చూసి మెల్లగా నవ్వీవారు. తెలుసు గదా అని నాను ఆగినాను." కొంగు వదిలేసింది. "అది మీరు కాదా?"

ఆ ప్రశ్నకి ఔనంటే అబద్ధం, కాదంటే పిల్ల చచ్చిపోతుంది. ప్రత్యూష టీచర్ రెండూ అనలేకపోయింది. నూకరత్నం వసారాలోకి వెళ్ళి సంచీ భుజానికి తగిలించుకుని, ఎవరూ చెప్పకుండానే పెదమెరక బస్సు దగ్గరికి నడిచి, ఎక్కి, మూడో సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. మళ్ళీ ఇటు చూడలేదు.

సుహాస్ మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. ఆవిడ చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది.

"ఎక్కడికి టీచర్?"

"పెదమెరక. వాళ్ళింటికి. ఆ పిల్లతో ఆ ఇంట్లో కూర్చుంటాను. ఆయన పొమ్మన్నా పోను."

"ఎన్నాళ్ళు?"

"అది నోరు విప్పేదాకా."

"బయట నాలుగు వందల మంది ఉన్నారు టీచర్," అన్నాడు సుహాస్. "నలభై ఒక్క వేల మంది ఉన్నారు. మీరు ఒక్కరే."

"ఆ సంగతి నీకు ఇప్పుడు తెలిసిందా?" అంది ఆవిడ. ఆ కోపంలో ఎక్కువ పాలు తన మీదే.

మోకాళ్ళ నొప్పితో, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కి, నూకరత్నం పక్క సీట్లో కూర్చుంది. పిల్ల కొద్దిగా కిటికీ వైపు జరిగింది. డ్రైవరు తలుపు మూశాడు. ఇంతమందిని వదిలేసి పోతున్నందుకు వీధిలో పిల్లలంతా ఏడుస్తారని, బస్సుకి అడ్డం పడతారని ఆవిడ గుండె దిటవు చేసుకుని బయటికి చూసింది.

ఎవరూ ఏడవలేదు. బస్సుకి దారి ఇస్తూ వరసలు బుద్ధిగా పక్కకి జరిగాయి. ఒక టీచర్ ఒక పిల్లతో వెళ్ళడంలో వాళ్ళకి వింతేమీ కనిపించలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి వాళ్ళు చూసిన టీచర్ ఒకేసారి అందరి దగ్గరా ఉండేది. బస్సు కదలగానే నాలుగు వందల మందీ ఆ ఇంటి గుమ్మం వైపు తిరిగి, లోపల నుంచి తమ టీచర్ ఎప్పుడు బయటికి వస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు.